పట్టిసీమ రేవున కామెర్ల విచారణ

వరదనీరు తీసిన పిదప గోదావరి యొడ్డు గ్రామములలో కామెర్లు పొడసూపుట పెద్దలెఱిగిన విషయమే యగుటచే, ఆ దినములలో ఆరోగ్య కార్యకర్తలు చేయు పనిని కన్నులార చూడగోరి పట్టిసీమకు పోయితిని. నది నడుమ కొండపై వెలసిన వీరభద్రస్వామి దర్శనమునకు శివరాత్రినాడు పడవలపై దాటు యాత్రికులతో క్రిక్కిఱియు ఆ రేవు, నేను పోయిననాడు ప్రశాంతముగా నుండెను. సమీపమున నున్న ఉపకేంద్రపు అరుగు మాత్రము రోగులతో నిండియున్నది.

అచట నర్సమ్మ ఒక నడివయసు పడవవానిని గదిలోని బల్బు క్రిందినుండి లేపి, వెలుపలి యెండలోనికి తెచ్చి, క్రిందిఱెప్పను వ్రేలితో దించి తెల్లగ్రుడ్డును పరికించినది. దీపకాంతిలో మఱుగుపడు పసుపు పగటి వెలుతురున దాగదు.

“ఒంటేలు ఎలా వస్తోంది మావయ్యా?”

“ముదురు పసుపండి. పంచికి మరక పడతందండి.”

“దొడ్డికి సున్నపు ముద్దలా తెల్లగా అవుతోందా?”

“లేదమ్మా, మామూలుగానే అవుతందండి.”

ఈ రెండు ప్రశ్నలలో ఎంత శాస్త్ర మిమిడియున్నదో తలచినకొలది నాకు ఆ తల్లిపై గౌరవము హెచ్చినది. మన రక్తములోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించి, ప్లీహము మొదలగు తావుల శిథిలమైనపుడు, దాని వర్ణద్రవ్యమునుండి బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థము జనించును. నీట కరుగని ఆ పదార్థము ఆల్బుమిన్ అను మాంసకృత్తు నాశ్రయించి కాలేయమును చేరగా, కాలేయము దానికి గ్లూకురోనిక్ ఆమ్లమును జతపఱచి, కరుగునట్లు చేసి, పైత్యరసముతో ప్రేగులలోనికి విడుచును. మలమునకు సహజవర్ణ మబ్బుట అచటి సూక్ష్మజీవులు దానిని మార్చుటవలననే. కావున మలము తెల్లబడినచో పైత్యనాళమున రాయియో కంతియో అడ్డుపడినదని శంకింపవలెను. కరుగు బిలిరుబిన్ రక్తములోనికి మరలి, మూత్రపిండములగుండా వెడలినపుడే మూత్రము ముదురు రంగు దాల్చును. ఎఱ్ఱకణములు మితిమీఱి చితికిన కామెర్లలో కరుగని బిలిరుబినే హెచ్చును గనుక అది మూత్రమున దిగదు. కన్నులు పచ్చబడుట ఒక్కటే యైనను కారణములు వేఱు. కామెర్లు రోగము కాదు, రోగమునకు గుర్తు.

పడవవాని రక్తమును పరీక్షించు గదిలో, పసుపుపచ్చని సీరమునకు డయాజో ద్రావకము తగిలినంతనే గులాబిరంగు వ్యాపించుట చూచితిని. కరుగు భాగము వెంటనే రంగు మాఱును. కరుగనిదానికి మఱియొక ద్రవ్యము తోడ్పడవలెను. వాన్ డెన్ బర్గ్ ఈ భేదమును 1916లో వివరించెను. ఆరోగ్యవంతుని రక్తమున మొత్తము బిలిరుబిన్ 100 మిల్లీలీటర్లకు సుమారు 1.2 మిల్లీగ్రాములు మించదు. అది మూడింటిని సమీపించినగాని కన్ను సాధారణముగా పచ్చబడదు. అనగా కంటికి తెలియుటకు చాల ముందే రక్తము చెప్పగలదు.

సాయంకాలము పసరు వైద్యమునకు పేరొందిన ఒక వృద్ధుని దర్శించితిని. నేలయుసిరిని వేళ్లతోకూడ నూఱి మజ్జిగలో కలిపి, ఉప్పు మానుమని చెప్పి యిచ్చుచున్నాడు. కలుషజలమువలన వచ్చు హెపటైటిస్ ఏ చాలమందికి కొన్ని వారములలో తనంత తానే తగ్గును గనుక ఆ కీర్తి పసరునకు దక్కుచున్నదని నా నమ్మకము. ఈ మొక్కపై మద్రాసులో త్యాగరాజన్ బృందము చేసిన పరిశీలన 1988లో లాన్సెట్ పత్రికలో వెలువడి ఆశలు రేపినను, అది హెపటైటిస్ బి నుద్దేశించినది. పిదపటి పరీక్షలు దానిని బలపఱుపలేదు. వృద్ధుని సద్భావమును నేను శంకింపను. కాని కామెర్లకని కొందఱు మణికట్టున వేయు వాతలను, కంట పిండు పసరును మాత్రము ఎట్టి గౌరవముతోను సమర్థింపజాలను; అట్లు జాఱిన దినములలో నాళపు అడ్డంకి ముదిరిపోవును.

అంతకుముందు ఉపకేంద్రమున పడవవాడు లేచి వెళ్లబోవుచుండగా నర్సమ్మ మరల పిలిచి, ఇంట గర్భిణులెవరైనను కలరా యని అడిగినది. కూతురు పురిటికి వచ్చియున్నదట. నీటి మూలముననే వ్యాపించు హెపటైటిస్ ఇ గర్భిణులకు, విశేషించి కడపటి మాసములలో, ప్రాణాంతకము కావచ్చును. నీరు తెర్లునట్లు కాచి చల్లార్చి త్రాగవలెననియు, పసరు జోలికి పోక మఱునాడే పిల్లను రక్తపరీక్షకు తీసికొనిరావలెననియు ఆమె గట్టిగా చెప్పి, ఆ యింటి వీధి పేరు తన పుస్తకమున వ్రాసికొన్నది.