మోకాలు నాదా, నీ పాలసీదా?

మా కాకినాడలో మోకాలి నొప్పికి ఒకటే రోగనిర్ధారణ. "గుజ్జు అరిగిపోయిందండి." భానుగుడి సెంటర్లో ఆటో దిగడానికి రెండు నిమిషాలు పట్టిన ఏ పెద్దావిడ దగ్గర నిలబడినా ఈ మాట వినపడుతుంది. ఒక్కోసారి ఆటో అబ్బాయే చెప్పేస్తాడు, ఫీజు కూడా తీసుకోకుండా. మా అమ్మకి ఈ సంగతి మొట్టమొదట చెప్పింది డాక్టరు కాదు, పాలు పోసే ఆయన.

అమ్మ మాత్రం నేరం చికున్‌గున్యా మీద తోసేది. 2006లో రాష్ట్రాన్ని ఆ జ్వరం ఊపేసినప్పుడు ఆవిడ కూడా మూడు నెలలు గోడ పట్టుకుని నడిచింది. "అప్పట్నించే రా" అనేది. ఆముదం రాసి వెచ్చబెట్టిన జిల్లేడాకు, నల్లేరు పచ్చడి (ఇది మాత్రం బావుంటుంది, నేనూ తిన్నాను), ఇలా ఇంటివైద్యం పదేళ్ళు నడిచింది. మధ్యలో మా పిన్ని పుత్తూరు కట్టు కట్టించమంది. అది విరిగిన ఎముకకి పేరుపడ్డ కట్టు, అరిగిన కీలుకి కట్టి ఏం లాభం పిన్నీ అంటే, "నీకు కంప్యూటర్లు తెలుసు గానీ ఎముకలు తెలుసా" అంది. న్యాయమే. అప్పటికి నాకు ఏమీ తెలీదు.

మూడేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. అమ్మ మెట్టు దిగేటప్పుడు రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీద పెట్టి, తర్వాత ఇంకో మెట్టు దిగుతోంది. ఫ్రిజ్ మీద ఒక మందుల డబ్బా. అందులో ఒక అట్ట సగం ఖాళీ. ఏంటమ్మా ఇది అంటే, "మెడికల్ షాపు అబ్బాయి ఇస్తాడు, కాళ్ళ నొప్పుల బిళ్ళ." తిప్పి చూస్తే డైక్లోఫినాక్. రోజుకొకటి, ఒక్కోసారి రెండు, రెండేళ్ళ నుంచి. పక్కనే బీపీ బిళ్ళ. వెంటనే రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ గీత దాటి ఉంది. మోకాలి కోసం మూత్రపిండాలు తాకట్టు పెట్టిందన్నమాట, మా అందరి కళ్ళ ముందే. వారం వారం ఫోన్లో "ఎలా ఉన్నావమ్మా" అని అడిగేవాడిని. "బానే ఉన్నాను" అనేది. బిళ్ళ వేసుకున్నాక బానే ఉంటుంది కదా మరి.

సరే, కొడుకునని గుర్తొచ్చింది. అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చి ఒక పెద్ద ఆస్పత్రిలో చూపించాను. ఎమ్మారై తీశారు. రిపోర్టు మూడు పేజీలు. ఆ డాక్టరు నాలుగు నిమిషాలు మాట్లాడారు, అందులో మూడు నిమిషాలు స్క్రీనుతోనే. గ్రేడ్ ఫోర్, రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేద్దాం, ప్యాకేజీ వివరాలు కింద కౌంటర్లో చెప్తారు. అమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి మోకాలు చూపించబోయింది గానీ, అక్కర్లేకపోయింది.

ఇక్కడ నా దొంగ బుద్ధి ఒకటి చెప్పుకోవాలి. అప్పటికి నేను కంపెనీ మారే ఆలోచనలో ఉన్నాను. పాత కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మానాన్నలకి కవరేజీ ఉంది, మొదటి రోజు నుంచీ పాత జబ్బులకి కూడా. కొత్త కంపెనీలో భార్యాపిల్లలకే. మీలో చాలామందికి ఈ లెక్క తెలిసే ఉంటుంది. నోటీసు పిరియడ్ రెండు నెలలు. ఆలోపు రెండు మోకాళ్ళూ మార్పించేస్తే పని అయిపోతుంది. ఎక్సెల్ షీటు తెరిచి, ఆపరేషన్ తేదీ, డిశ్చార్జి, ఫిజియోథెరపీ, నా లాస్ట్ వర్కింగ్ డే, అన్నీ వరసలో పెట్టాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! మా మేనేజరుకి ఇచ్చిన ఏ ప్లానూ అంత బాగా వెయ్యలేదు.

ఫోన్లో తేదీ చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది, "ఒరేయ్, మోకాలు నాదా, నీ పాలసీదా?"

నాన్నగారు వెనక నుంచి తన వాదన. "వాజపేయి గారు కూడా చేయించుకున్నారు కదే." దానికి అమ్మ, "ఆయన ప్రధానమంత్రి, ఆయనకి ముగ్గు వెయ్యక్కర్లేదు." వాజపేయి గారికి 2000లో ఒక మోకాలు, 2001లో రెండోది ముంబై బ్రీచ్ క్యాండీలో మార్చారు, అమెరికా నుంచి డాక్టర్ రణావత్ వచ్చి చేశారు. ఆయన విషయంలోనే రెండూ ఒకేసారి చెయ్యలేదన్న సంగతి నేను గమనించలేదు, అమ్మ గమనించింది.

ఆవిడ షరతు ఒకటే. కాకినాడలో పెద్దాయన ఒకరున్నారు, రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి, జనరల్ ఆస్పత్రిలో చాలా ఏళ్ళు ఎముకలు అతికించి రిటైరయ్యారు, ఆయన చెప్తే చేయించుకుంటుంది. గౌతమిలో వెళ్ళాను. మూడు పేజీల రిపోర్టు ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని పక్కన పెట్టి, "అమ్మా, ఆ గుమ్మం దాకా నడిచి రండి" అన్నారు.

తర్వాత ప్రశ్నలు. పొద్దున్న లేవగానే బిగుసుకుపోవడం ఎంతసేపుంటుంది? పావుగంట. (గంటకి పైగా ఉంటే కీళ్ళవాతం అనుమానించి వేరే పరీక్షలు చెయ్యాలిట, ఆ దారే వేరు.) రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా? ఎంత దూరం నడిచాక ఆగాలి? ఏ పని మానేశారు? ఈ చివరి ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నాతో సహా. అమ్మ చెప్పుకుంటూ పోయింది. ముగ్గు. మేడెక్కి వడియాలు పెట్టడం. కత్తిపీట. అన్నవరం కొండ మీదికి కారు వెళ్తుంది గానీ, వ్రతానికి కింద కూర్చోలేక పోయినేడాది కుర్చీ వేయించుకుందిట, అందరూ చూస్తుంటే ఏడుపొచ్చిందిట. నాకీ సంగతి తెలీదు.

ఏ కాలు ఎక్కువ నొప్పి అన్నారు. ఎడమది అంది. నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. పడుకోబెట్టి తీస్తే కీలు మీద బరువుండదు, ఎముకల మధ్య ఖాళీ ఉన్నట్టే కనబడి మోసం చేస్తుందిట. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు 1957లో ఈ ఖాళీనీ, ఎముక అంచున మొలిచే ముళ్ళనీ చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టారు, ఇప్పటికీ అదే వాడుతున్నారు. అమ్మ కుడి మోకాలికి నాలుగు. ఎడమదానికి రెండు. నొప్పి ఎక్కువ ఎడమదానికి!

లాగ్ ఫైలు చూసి బగ్ అదేననుకుని, అసలు ప్రోగ్రాం రన్ చెయ్యకుండా ఫిక్స్ చేసేవాళ్ళని మనం ఎంత తిట్టుకుంటాం? ఆయన ఎడమ మోకాలి కింద, లోపలి పక్క, రెండు వేళ్ళ దిగువన నొక్కారు. అమ్మ "అబ్బా" అంది. కండరాలని ఎముకకి కట్టే తాళ్ళు మూడు అక్కడ వచ్చి అతుక్కుంటాయి, వాటి కింద ఒక చిన్న సంచి ఉంటుంది, అది వాచింది. కుడికాలు మీద బరువు పడకుండా ఏళ్ళ తరబడి ఎడమకాలు మోసిన ఫలితం. దానికి మోకాలు మార్చక్కర్లేదు. ఐసు, వ్యాయామం, తగ్గకపోతే అప్పుడు చూద్దాం. ఆ ఎక్సెల్ షీటు ప్రకారం వెళ్ళుంటే ఆ మోకాలు కోసేసేవారు.

నేను అడిగాను, మరి గుజ్జు? ఆయన నవ్వారు. ఈ మాటే సగం వ్యాపారం చేస్తోందయ్యా అన్నారు. గుజ్జు అంటే కొబ్బరిబోండాంలో లేతమీగడలాంటిదేదో కరిగిపోయింది, మళ్ళీ నింపొచ్చు అనిపిస్తుంది. అక్కడ ఉండేది మృదులాస్థి, ఎముక చివర నున్నటి తొడుగు. దానికి రక్తనాళాలు లేవు, అందుకే పోతే దాదాపు తిరిగి రాదు. నరాలు కూడా లేవు. అంటే అరిగేది ఒకటి, నొప్పి పుట్టేది దాని కింది ఎముకలోనూ, చుట్టూ ఉన్న పొరలోనూ, కండరాల్లోనూ. అందుకే ఫొటోకీ నొప్పికీ పొంతన కుదరదు.

ఇంటికొచ్చి రాత్రంతా చదివాను, మనకున్న రోగం అదే కదా. గుజ్జు ఇంజక్షన్ అని వేసేది హైలురోనిక్ ఆమ్లం. కొన్ని రకాలు కోడిపుంజు తల మీది ఎర్ర తురాయి నుంచి తీస్తారు. (గోదావరి జిల్లాల్లో పుంజులకి ఇంకో ఉపయోగం ఉందని అప్పుడే తెలిసింది.) అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో దీన్ని మామూలుగా అందరికీ వాడమని చెప్పలేదు. సొంత రక్తం తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారే, దాన్ని ఆస్ట్రేలియాలో 288 మంది మీద ఉప్పునీటి ఇంజక్షన్‌తో పోల్చి 2021లో ప్రచురించారు, ఏడాది తర్వాత నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది 2002లో అచ్చయిన హ్యూస్టన్ ప్రయోగం. 180 మందిలో కొందరికి గొట్టం పెట్టి మోకాలు శుభ్రం చేశారు, కొందరికి ఉత్తినే చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేశారు. రెండేళ్ళ తర్వాత అందరూ ఒకటే. ఇంతకన్నా ధైర్యమైన ఏ-బీ టెస్టింగ్ నేనెక్కడా చూళ్ళేదు. నలభై అయిదు, ఆపైన వయసున్నవాళ్ళలో ఇలాంటి మామూలు అరుగుదలకి ఎమ్మారై కూడా అక్కర్లేదని, నడిస్తే నొప్పి, పొద్దున్న బిగుతు అరగంట లోపు ఉంటే లక్షణాలతోనే తేల్చెయ్యొచ్చని బ్రిటన్ వాళ్ళ నైస్ సంస్థ చెప్తోంది. మా పెద్దాయన గుమ్మం దాకా నడిపించి చేసింది అదే.

మూడు నెలలు గడువిచ్చారు. డైక్లోఫినాక్ బంద్. పైన రాసుకునే జెల్. తొడ కండరానికి వ్యాయామం: కాలు తిన్నగా చాపి, పదంకెలు లెక్కపెట్టేదాకా ఎత్తి ఉంచడం, రోజుకి మూడు పూటలు. కొంచెం బరువు తగ్గడం. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు అడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర. కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో మీకు తెలుసా? నొప్పున్న కాలికి ఎదురు చేత్తో. కుడి మోకాలు పాడైతే ఎడమ చేత్తో. నేను అడిగిన పదిమందిలో తొమ్మిదిమంది తప్పు చెప్పారు, మా నాన్నగారు ఇప్పటికీ ఒప్పుకోరు.

ఎడమకాలి నొప్పి రెండు నెలల్లో పోయింది. క్రియాటినిన్ కిందికి దిగింది. కుడికాలు మాత్రం మొండికేసింది, రాత్రిళ్ళు మెలకువ రావడం ఆగలేదు. అప్పుడు పెద్దాయనే అన్నారు, "ఇప్పుడు మార్పించుకోండమ్మా, ఒక్కటే." అమ్మ అడిగింది, నేల మీద కూర్చోవచ్చా అని. "కూర్చోగలరేమో, నేను మాత్రం వద్దంటాను." మరి వ్రతం? "కుర్చీయే." అమ్మ రెండు రోజులు ఆలోచించుకుని సరేనంది. ఆపరేషన్ అయ్యాక కూడా అయిదుగురిలో ఒకరికి దాకా తృప్తి ఉండదనీ, ఇన్ఫెక్షన్ వస్తే మళ్ళీ తెరవాలనీ, అన్నీ సవ్యంగా ఉంటే నూటికి 82 మోకాళ్ళు పాతికేళ్ళు మన్నుతాయని 2019లో లాన్సెట్ లెక్క తేల్చిందనీ, ఇవన్నీ చెప్పాను. "పాతికేళ్ళా! నేనెందుకురా అన్నాళ్ళు" అంది.

పాలసీ సంగతంటారా? అప్పటికి కంపెనీ మారిపోయాను. జేబులోంచే కట్టాను. 2017 ఆగస్టుకి ముందు మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలు ధరే లక్షన్నర దాటి ఉండేది. అప్పుడు ధరల నియంత్రణ సంస్థ దాన్ని 54,720 రూపాయలకి దించింది, ఆ తర్వాత పొడిగిస్తూ, సవరిస్తూ వచ్చారు. బిల్లులో ఇంప్లాంటు ధర, కంపెనీ, బ్యాచ్ నంబరు విడిగా రాయాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. ఎవరికైనా చేయించేటట్టయితే అడిగి రాయించుకోండి. మేం అడిగేదాకా రాయలేదు.

ఆపరేషన్ మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. తర్వాత నెలరోజులూ ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి కాలు వంచేది. ప్రతి రాత్రీ ఫోన్లో, నేను పదో తరగతిలో మార్కులు చెప్పినట్టు, అమ్మ డిగ్రీలు చెప్పేది. "ఎనభై అయిదు." "తొంభై రెండు." ఒకరోజు "ఇవాళ తగ్గిందిరా" అని ఏడ్చింది. ఆ వారం సెలవు పెట్టి వెళ్ళాను, ఏం చెయ్యగలిగాను కనక, పక్కన కూర్చుని కాజా తిన్నాను. నూట పది దగ్గర ఆగింది.

మొన్న ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. అరగంట తర్వాత తనే చేసింది. మేడ మీద ఉందిట, గుమ్మడి వడియాలు పెట్టిందిట. కర్ర ఏ చేత్తో పట్టుకుని ఎక్కావు అని గట్టిగా అడిగాను. కర్ర కిందే మర్చిపోయిందిట.