పులిహోర పొట్లాలు

పులిహోర పండుగనాటి వంటకం. ఉగాదికో, శ్రీరామనవమికో మా నరసరావుపేట ఇళ్ళలో ఇంగువ తాలింపు ఘుమఘుమలాడుతుంది. మా ఇంట మాత్రం ఏటా నవంబరు 19న కూడా పులిహోర వండుతాం. ఆనాడు నైవేద్యం ఉండదు, బంధువుల పిలుపులుండవు. దివిసీమ ఉప్పెనలో పోయినవారిని తలచుకొని వండే వంట అది.

1977లో ఆ తేదీ శనివారం. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుపాను కృష్ణా డెల్టా మీద విరుచుకుపడింది. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచిన కెరటం సొర్లగొంది, హంసలదీవి వంటి గ్రామాలను తుడిచిపెట్టింది. పది వేలమందికి పైగా మరణించారు. ఆ వార్త మాకు చేరేసరికి రెండు రోజులు గడిచాయి. తరువాతి దినాలలో ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి విరాళాలు సేకరించారు. మా వీధిలో జోలె లేదు, గుండిగలు ఉన్నాయి.

ఆ గుండిగలకు మా నాయనమ్మ పెద్ద. "పప్పన్నం పంపుదామా అత్తమ్మా?" అని పొరుగింటి కోడలు అడిగితే, "పొద్దుగూకేసరికి పాచిపోతుందే అమ్మాయీ. చింతపండు పడితే మర్నాటికీ నిలుస్తుంది" అన్నది. చింతపండు గుజ్జును నూనె తేలేవరకు ఉడికించారు. అన్నం పలుకుగా వార్చి, కొత్త చాపల మీద ఆరబోసి, విసనకర్రలతో విసిరారు. ఆవిరి ఉండగా పొట్లం కడితే చెమ్మ పట్టి అన్నం చెడుతుంది. లారీ బయలుదేరే వేళ అవుతున్నదని మగవారు తొందరపెట్టినా ఆమె చాపల దగ్గరనుంచి కదలలేదు. మిరపకాయలను మాత్రం తుంచనీయలేదు. "పసిపిల్లలుంటారు, కాయపళంగా వేయండి, ఏరి పారేసుకుంటారు" అన్నది. కారానికి పేరుపడిన పల్నాట అది చిన్న త్యాగమేమీ కాదు!

ఆ బియ్యం కూడా మాకు పాతకాలపు సంపద కాదు. జొన్నకూడే పల్నాటి కూడు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బ అయిందని మా పెద్దలు చెప్పుకొనేవారు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలాకనే ఈ మెట్ట పొలాలలో వరి విస్తరించింది. మాకు అన్నం పెట్టిన ఆ కృష్ణమ్మే హంసలదీవి వద్ద సాగరంలో కలుస్తుంది. పొట్లాలు కడుతూ నాయనమ్మ ఆ మాట రెండుసార్లు అన్నది.

లారీతో మా నాన్నగారు వెళ్ళారు. తిరిగివచ్చాక అక్కడ చూసినవాటిలో ఒక్కటి తప్ప మాకేమీ చెప్పలేదు. ఒక వృద్ధుణ్ణి ఇంటిలో ఎందరని అడిగితే, అలవాటు కొద్దీ ఆరుగురమన్నాడట. ఆరు పొట్లాలు చేతికి అందాక కాసేపు అలాగే నిలబడి, అయిదింటిని తిరిగి ఇచ్చివేశాడట.

2013 నవంబరు 8న హయాన్ తుపాను ఫిలిప్పీన్స్ దేశంలో టక్లోబాన్ నగరాన్ని ధ్వంసం చేసింది. అక్కడా ఉప్పెనే, ఆరు వేలమందికి పైగా బలయ్యారు. ఆ దేశస్థులు వెనిగర్‌లో మాంసం ఉడికించి అడోబో అనే కూర వండుతారు. పులుపు మూలంగా అదీ త్వరగా చెడదు. మా చింతపండు, వారి వెనిగర్ ఒకే పని చేస్తాయన్నమాట.

ఇప్పుడు మా ఇంట గుండిగ లేదు. చిన్న గిన్నె చాలు. వండినది పొట్లాలు కట్టి బస్టాండు దగ్గరి కూలీలకు ఇచ్చివస్తాం. నిరుడు మిరపకాయలు తుంచబోయిన మా అమ్మాయిని వారించి, ఎందుకో చెప్పాను. ముసలాయన సంగతి కూడా చెప్పాను. అంతా విని, "ఆ తాతయ్య పేరేమిటి నాన్నా?" అని అడిగింది. మా నాన్నగారు ఆయన పేరు అడగలేదు. సొర్లగొంది, హంసలదీవి, నాగాయలంక, కోడూరు అని ఊళ్ళ పేర్లు చెప్పాను. అమ్మాయి వాటిని మెల్లగా పలుకుతూ అన్నం ఆరబోసింది.