పదివేలలో ఆఫ్‌రోడ్ బండి

ఇప్పుడు నేను పనిచేస్తున్న ఆఫీసులో ఆఫ్‌రోడింగ్ పిచ్చి ఉన్నవాళ్ళు ఓ నలుగురున్నారు. శనివారం తెల్లారుజామున అనంతగిరి కొండల వైపు పోయి, బండికీ బట్టలకీ శుభ్రంగా బురద పట్టించుకుని, ఆదివారం వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తారు. రెండు లక్షలు దాటిన బండి, దానిమీద ఇంకో పాతికవేల గార్డులూ, లైట్లూ. ఎవరి సరదా వాళ్ళది, కాదనను. కాకపోతే మా ఊళ్ళో జూలై నుంచి నవంబరు దాకా పొలం వెళ్ళే ప్రతివాడూ చేసేది ఆ పనే. మావాళ్ళు దానికి పేరేమీ పెట్టుకోలేదు, "పొలం పోతన్నా" అంటారంతే :)

మాది నరసరావుపేట దగ్గర ఓ పల్లెటూరు. మూడెకరాల పొలం, ఊరికి రెండున్నర కిలోమీటర్లు. మొదటి అర కిలోమీటరు సాగర్ కాలువ కట్ట, మిగిలిందంతా డొంక. అదీ నల్లరేగడి. రేగడి సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఎక్కువ. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. తడిసినప్పుడు ఇసుకలాగా జారిపోదు, ఎర్రమట్టిలాగా రాలిపోదు, అంటుకుంటుంది. చెప్పులకి అంటుకుంటే పది అడుగుల్లో కాలు రెండు కిలోలు బరువెక్కుతుంది. టైరుకి అంటుకుంటే మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. మీ ఇంజను ఎన్ని సీసీలైనా అప్పుడు అది బండి కాదు, బరువు.

నాన్నకి మోకాళ్ళు అరిగిపోయాయి. 2023 వానల్లో స్ప్లెండర్ మీద రెండుసార్లు పడ్డాడు, రెండోసారి బండి కాలిమీద పడింది. ఆ తర్వాత నుంచీ "వచ్చే ఏడు కౌలుకిచ్చేద్దాంలేరా" అనడం మొదలెట్టాడు. మామూలుగా అన్నాడు కానీ మామూలు మాటైతే కాదు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా రోజూ పోయే చోటు అది. పోలేక మానెయ్యడం వేరు, వద్దనుకుని మానెయ్యడం వేరు.

2024 మేలో మా ప్రాజెక్టు ఎత్తేశారు, దాంతోపాటే మమ్మల్నీ ఎత్తేశారు. ఇంటికొచ్చి కూర్చున్నా. చేతిలో కాస్త డబ్బుంది, చదువు లోను ఈఎమ్ఐ ఉంది, మళ్ళీ ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకని లెక్కేసుకుని పదివేలు పక్కన పెట్టా. అంతకి ఒక్క రూపాయి దాటకూడదు, జూలైలోపు డొంకలో తిరిగే తేలికపాటి బండి ఒకటి తయారవ్వాలి.

మొదట చూపు మినీ బైకుల మీదకి పోయింది. వీటికి మూలపురుషుడు హోండా మంకీ. 1961లో టోక్యోలో ఒక వినోదాల పార్కులో పిల్లలు తొక్కడానికి చేసిన బండి, దాని చక్రాలు అయిదు అంగుళాలే. మన దగ్గర హోండా వాళ్ళే 2016 నుంచి 2020 దాకా నావి అని ఒకటి అమ్మారు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. ఎడ్లబండి గాడిలో పది అంగుళాల చక్రం దిగితే పైకి లాగడానికి మళ్ళీ ఎడ్లు కావాలి. పైగా పాతికవేలకి తక్కువలో నాకెక్కడా దొరకలేదు. ఆన్‌లైన్లో అమ్మే 49 సీసీ చైనా బొమ్మ బళ్ళ గురించి అసలు చెప్పను.

మరి ఆ సైజులో పెద్ద చక్రాలున్న బండి ఏది? కళ్ళ ముందే ఉంది. టీవీఎస్ ఎక్సెల్ సూపర్. 16 అంగుళాల చక్రాలు, 70 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, మూడున్నర హార్స్‌పవర్, బురదలో పడితే ఒక్క మనిషి లేపి నిలబెట్టగలిగే బరువు. పెద్ద బైకు దగ్గరదగ్గర రెండొందల కిలోలుంటుంది, దాన్ని లేపాలంటే ఇంకొకడిని పిలవాలి. పొలంలో ఇంకొకడు ఎక్కడుంటాడు? మా మామయ్య దగ్గర 2010 మోడలు ఒకటి పశువుల కొట్టంలో నాలుగేళ్ళుగా పడి ఉంది, సీటు మీద కోళ్ళు పడుకుంటున్నాయి. అడిగితే "తీసుకుపోరా అల్లుడూ, కోళ్ళకి ఇంకో ఏర్పాటు చేస్తాలే" అన్నాడు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగే. నాలుగేళ్ళలో ఇంజను లోపలి భాగాలు చూసింది ల్యాబులో సగానికి కోసి రంగులేసిన మోడల్లో. ఆ తర్వాత అంతా జావా. కాబట్టి ఊళ్ళో మెకానిక్ బాబాయ్ దగ్గర వారం రోజులు స్పానర్లందించే ఉద్యోగంలో చేరా.

కిక్కు కొడితే కాలికి ఎదురు తగలడం లేదు, అంటే కంప్రెషన్ లేదు. పేటలో లేత్ షాపుకి తీసుకెళ్ళి బోరింగ్ చేయించి, 0.50 ఓవర్‌సైజు పిస్టన్ వేయించాం. ఇక్కడే చాలామంది పొదుపు చేస్తారు. పిస్టన్ మార్చి, క్రాంకు పక్కనుండే ఆయిల్ సీళ్ళు పాతవే ఉంచేస్తారు. టూ స్ట్రోకులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్‌కేసులోకే వెళ్తుంది. సీలు గట్టిపడి గాలి లాగితే మిశ్రమం పలచనవుతుంది, ఇంజను వేడెక్కుతుంది, కొత్త పిస్టన్ కూడా పట్టేస్తుంది. సీళ్ళు, బేరింగులు, ప్యాకింగులు, బోరింగు, పిస్టన్, బాబాయ్ కూలి కలిపి 4,650 అయ్యింది. బయటికి ఒక్కటీ కనపడదు. బండి చూసిన మా ఫ్రెండు "ఏం చేయించావురా, పెయింటన్నా వెయ్యలేదు" అన్నాడు.

పైసా ఖర్చు లేకుండా వచ్చిన పికప్ మాత్రం సైలెన్సర్లోంచి వచ్చింది. "సగం బండి ఇందులోనే చచ్చింది అబ్బాయ్" అని బాబాయ్ సైలెన్సర్ లోపలి గొట్టం లాగి చూపించాడు, చిల్లులన్నీ మసితో మూసుకుపోయి ఉన్నాయి. పొయ్యి మీద ఎర్రగా కాల్చి సుత్తితో తడితే మసి పెచ్చులుగా రాలింది. టూ స్ట్రోకులో పొగ బయటికి పోకపోతే కొత్త మిశ్రమం లోపలికి రాదు. మన భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ బఫర్ నిండిపోయి ఇన్‌పుట్ ఆగిపోవడం. ఆయిలు ఎక్కువ పోస్తే ఇంజనుకి మంచిదని పోసేవాళ్ళున్నారు, ఆ మసి అంతా అదే. మేం లీటరు పెట్రోలుకి 20 మి.లీ. కొలిచి పోస్తున్నాం.

తర్వాత గేరింగు. ఎక్సెల్‌కి ఉన్నది ఒకటే గేరు, క్లచ్ దానంతటదే పట్టుకుంటుంది. ఇంజను వేగంగా తిరిగితే క్లచ్ షూలు బయటికి విసురుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. బురదలో బరువు పడి ఇంజను వేగం తగ్గిందా, షూలు సగం పట్టీ సగం పట్టక జారతాయి. వాసనొస్తుంది, బండి కదలదు. దీనికి మందు పవర్ పెంచడం కాదు, వెనక స్ప్రాకెట్టుకి నాలుగు పళ్ళు పెంచడం. అంటే ఉన్నవాటికి పదో వంతు ఎక్కువ, చైనులో రెండు లింకులు కలపాలి. అదే నడకకి ఇంజను పదో వంతు ఎక్కువ తిరుగుతుంది, క్లచ్ గట్టిగా పట్టుకునే ఉంటుంది. టాప్ స్పీడు యాభై నుంచి నలభై అయిదుకి పడిపోతుంది. పడనీండి, డొంకలో ఇరవై దాటేవాడు ఎవడు? దీనికి 1,050.

టైర్ల దగ్గర బాబాయ్‌కీ నాకూ కాస్త వాదన. నేను లావుపాటి టైరు వేద్దామన్నా. ఆయన "ఎడ్లబండి చక్రం ఎప్పుడన్నా చూశావా అబ్బాయ్" అన్నాడు. సన్నం, ఎత్తు. సన్న చక్రం మెత్తటి పై పొర కోసుకుని కింది గట్టి నేల దాకా దిగుతుంది, పోగేసుకునే మట్టీ తక్కువే. దీనికి సమాధానం నా డిగ్రీలో లేదు. అదే సైజులో, బొడిపెల మధ్య ఖాళీ బాగా ఉన్న బటన్ టైర్లు తీసుకున్నాం, ట్యూబులతో కలిపి 2,600. బురదకోసం గాలి తగ్గించొచ్చు కానీ మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు తెగుతుంది. రాయి తగిలితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు. అందుకని కాస్తే తగ్గించాం.

అన్నింటికన్నా ముఖ్యమైనది 400 రూపాయల వెల్డింగు పని. ముందు మడ్‌గార్డు కింద రెండంగుళాల పైపు ముక్కలు పెట్టి పైకి లేపడం, వెనకది కూడా అలాగే. ఈ బండి మొత్తంలో ఏదో ఒక్కటే చెయ్యమంటే నేను చేసేది ఇదే. బ్రేకు షూలు, కేబుళ్ళు, చక్రాల బేరింగులకి ఓ వెయ్యి. మొత్తం 9,700.

అన్నట్టు, చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019లో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. అందుకే ఇంజను కెపాసిటీ, ఫ్రేము, లైట్లు, సైలెన్సరు ముట్టుకోలేదు. మిగిలినవి రెండు స్పానర్లతో మళ్ళీ పాత రూపానికి తెచ్చేలా ఉంచాం. హైవే ఎక్కించం.

జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. నాన్న బండి వైపు కూడా చూడలేదు. "ఆ కోళ్ళ బండి మీద నేను రాను" అన్నాడు. నేనొక్కడినే పోయా. కాలువ కట్ట దిగాక గుండె కాస్త దడదడలాడింది, స్ప్లెండర్ పడిన మలుపు దగ్గర చక్రం పక్కకి ఈడ్చింది, రెండు కాళ్ళూ కింద పెట్టి యాక్సిలరేటర్ వదలకుండా నెట్టుకుంటూ పోయా. మడ్‌గార్డు కింద మట్టి చేరింది, తిరిగింది, ముద్దలుగా రాలిపోయింది. పొలం గట్టు దాకా ఎక్కడా ఆగలేదు. మూడో రోజు యూరియా కట్ట వెయ్యాల్సి వచ్చింది, 45 కిలోలు. కూలీ దొరకలేదు. కట్ట ముందు పెట్టి, నాన్నని వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళా. దారంతా నా భుజం పట్టుకునే ఉన్నాడు, ఒక్క మాట లేదు. వచ్చేటప్పుడు మాత్రం "లే, నేను తోల్తా" అన్నాడు.

ఆ ఏడు కౌలు మాట ఎత్తలేదు. సెప్టెంబరులో నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. 2025లో పదిహేనేళ్ళు నిండాయని మామయ్య రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్ళకి రెన్యువల్ చేయించాడు. అమ్మకి మాత్రం ఈ బండి మీద ఇప్పటికీ కోపమే. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఇంట్లో కూర్చోనివ్వకుండా చేశానని. ఆవిడ మాటలో న్యాయం లేదని నేననను.

మొన్న ఫోన్లో నాన్న వాన సంగతీ పత్తి సంగతీ చెప్పి, పెట్టేసే ముందు అడిగాడు, "ఒరేయ్, ఆ వెనక పళ్ళచక్రానికి ఇంకో రెండు పళ్ళు పెంచితే ఏమన్నా ఇబ్బందా?"