ముల్లు సున్న మీద ఉందా?

ఈసారి గోడపత్రికకు నేను కొలతల్లో వచ్చే తప్పుల గురించి రాస్తున్నాను. చదివితే చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ మనలో చాలామంది ఇండ్లలో కూలి డబ్బులు దీని మీదనే ఉన్నాయి.

సైన్సు మేడం మాతో ఒక బెంచీని కొలిపించింది. ఐదుగురం ఒకే టేపుతో కొలిచినాము. 121.8, 122.1, 122.0, 122.3, 121.8 సెంటీమీటర్లు వచ్చినాయి. ఒకరు టేపు గట్టిగా లాగుతారు, ఒకరు వదులుగా పట్టుకుంటారు, ఒకరు పక్క నుంచి చూస్తారు. అందుకని ఒకరికి కొంచెం ఎక్కువ, ఒకరికి కొంచెం తక్కువ వస్తుంది. అన్నీ కూడి ఐదుతో భాగిస్తే 122.0 వచ్చింది. ఇట్లా రెండు పక్కలకూ చెదిరే తప్పును యాదృచ్ఛిక దోషం అంటారు. ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే అది తగ్గుతుంది.

తర్వాత మేడం ఇంకో టేపు ఇచ్చింది. దానికి మొదటి సెంటీమీటరు చినిగిపోయింది. చినిగిన కొసనే బెంచీ అంచుకు పెట్టి కొలవమంది. 123.1, 122.9, 123.0, 122.8, 123.2 వచ్చినాయి. సగటు 123.0. అంకెలు ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి, చూస్తే ఎవరైనా నమ్ముతారు. కానీ అన్నీ ఒకే పక్కకు తప్పినాయి. వందసార్లు కొలిచినా ఆ సెంటీమీటరు పోదు. ఇది క్రమ దోషం.

పెద్ద పెద్ద సర్వేలు చేసినవాళ్లకు కూడా దీనితోనే భయం. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల గీతను కొలిచినాడు. 1811లో మన పక్క అనంతపురం జిల్లాలో గుత్తి దగ్గర కూడా అట్లాంటి గీత కొలిచినాడు. ఆయన గొలుసు ఉక్కుది, పొడవు 100 అడుగులు. ఉక్కు ఎండకు సాగుతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే అంత గొలుసు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. ఏడున్నర మైళ్లకు గొలుసును 400 సార్లు పరచాలి. ప్రతిసారీ తప్పు ఒకే పక్కకు కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, కూడుకుంటాయి. మొత్తం దాదాపు 1.4 మీటర్లు అయితుంది! అందుకే గొలుసుకు నీడ పట్టి, థర్మామీటర్లు పెట్టి, వేడి ఎంతుందో రాసుకొని లెక్క సరిచేసినారు.

ఇక మా ఊరి సంగతి. మాది దేవరగట్టు దగ్గర తండా. దేవరగట్టు అంటే అందరికీ దసరా రాత్రి కర్రల సమరమే గుర్తొస్తుంది. మాకైతే ఆ దినాల్లోనే పత్తి తీసే పని కూడా ఉంటుంది. కూలి కిలో లెక్కన ఇస్తారు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకని సెలవుల్లో మూటల లెక్క రాయడానికి మా యాడి నన్ను చేనుకు తీసుకుపోయింది. కాటా సంగతి అడిగితే, "ఒగ దినం ఎక్కువొస్తాది, ఒగ దినం తక్కువొస్తాది, సరిపోతాదిలే" అంటుంది యాడి.

ఖాళీ కాటాను చూసినాను. ముల్లు సున్న మీద లేదు, ఒక కిలో వెనకాల నిలబడి ఉంది. యాడివి మూడు మూటలు. విడివిడిగా తూచితే 12, 14, 13 వచ్చినాయి. కూడితే 39. మూడూ కలిపి ఒక్కసారి తూచమని అడిగితే 41 చూపింది. అదే పత్తి, అదే కాటా! తూచిన ప్రతిసారీ ఒక కిలో పోతున్నది. అసలు బరువు 42 కిలోలు.

చేను ఆయన, "ఆ ముల్లు ఎప్పటినుంచో అట్లనే ఉంది పాపా" అన్నాడు. కావాలని పెట్టినాడని నేను రాయడం లేదు. కావాలని కాకపోయినా యాడికి మూడు కిలోల కూలి పోయేది. రేపు పనికి పిలవరేమోనని యాడి నా చెయ్యి పట్టి లాగింది. అప్పుడు మా తండా అవ్వ ఒకామె, "ఎవరి మూటలు వాళ్లవి సాయంత్రం ఒక్కసారే తూచు నాయనా" అని అడిగింది. ఆయన సరే అన్నాడు. ఇప్పుడు మూడు కిలోలకు బదులు ఒక కిలోనే పోతుంది. నేను హాస్టలుకు వచ్చేనాటికి ముల్లును సరిచేయలేదు.

సరిపోతాదిలే అనే మాట చెదిరే తప్పుకు నిజం. ఒకే పక్క తప్పుకు నిజం కాదు. అది ఎప్పుడూ ఒకరి దగ్గరే తీసుకుంటుంది.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా, సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు మూడు పనులు చేయండి. ఖాళీ కాటా ముల్లు సున్న మీద ఉందా చూడండి. లీటరు నీళ్లు కిలో బరువు ఉంటాయి కాబట్టి లీటరు సీసాలు పది నింపి తూచండి, పది కిలోలు దాటి కొంచెమే చూపాలి. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా చూడండి. ఏం కనిపించిందో రాసుకొని రండి. అన్నీ కలిపి వచ్చే గోడపత్రికలో పెడదాం.

– 9వ తరగతి విద్యార్థిని