మూతి పేలితే జ్వరం పోయినట్టేనా?

భద్రాచలం నుంచి చర్ల రోడ్డు మీద కొంతదూరం పోయి అడవి వైపు మళ్లాం. శ్రావణం ముసురు. దుమ్ముగూడెం మండలంలోని ఓ కోయగూడెంలో ఆ రోజు జ్వరాల శిబిరం. బడి వరండాలో బల్ల, దాని మీద రక్తపరీక్ష కిట్లు, వెనకాల సిస్టరమ్మ, ఆశా కార్యకర్త.

వరసలో పదేళ్ల మనవరాలితో ఓ అవ్వ నిలబడింది. పిల్ల కింది పెదవి అంచున సజ్జగింజలంత పొక్కులు గుత్తిగా లేచాయి. రెండు చితికి తేనెరంగు చెక్కు కట్టాయి.

“మూతి పేలింది గదమ్మా, జరం ఎల్లిపోయినట్టే. పూతమందియ్యి, సాలు” అంది అవ్వ.

సిస్టరమ్మ మాట్లాడకుండా పిల్ల వేలు తుడిచి, గుచ్చి, ఒక చుక్క రక్తం కిట్టులో వేసింది. ఫలితం తేలేలోగా నాకు సంగతి చెప్పింది. ఈ పొక్కులు హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం వైరస్ పని. ఎక్కువమందికి ముద్దులతోనో ఎంగిలితోనో చిన్నప్పుడే అంటుకుంటుంది. ప్రపంచంలో 50 ఏళ్ల లోపువాళ్లలో సుమారు 380 కోట్లమందిలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పుండు మానినా వైరస్ పోదు, ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో పడుకుంటుంది. జ్వరమో, తునికాకు కోతలనాటి ఎండో తగిలితే లేచి, అదే నరం వెంట పెదవికి దిగుతుంది. నోరు పూయడం వేరు. బుగ్గ లోపల వచ్చే ఆ తెల్లటి పుండ్లు చాలావరకు అంటుకునేవి కావు.

“పేలిన మూతి జ్వరం పోయిందని చెప్పదు సార్, వచ్చిందని చెబుతుంది. మలేరియాలో ఇది మామూలే” అంటూ కిట్టు చూపించింది. రెండో గీత తేలింది. వైవాక్స్ రకం మలేరియా.

“ఈ ఏడాది ఇది రెండోసారి. పోయినసారి మూతి పేలగానే మాత్రలు ఆపేసిన్రు” అంది ఆశా.

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల ఒంట్లో దాక్కున్నవి రెండు: నరంలో వైరస్, కాలేయంలో వైవాక్స్. నరంలోదాన్ని పూర్తిగా తీసేసే మందు ఇంకా లేదు. ఎసైక్లోవిర్ మొదట్లోనే వాడితే పుండు కాస్త త్వరగా మానుతుంది, అంతే. కాలేయంలోదాన్ని మాత్రం 14 రోజుల ప్రైమాక్విన్ తుడిచేయగలదు. తుడిచేయగలిగిన దాన్నే సగంలో వదిలేశారు.

ఇంట్లో నెల పసికందు ఉన్నాడని తెలిసి సిస్టరమ్మ గొంతు మారింది. “చెక్కు రాలేదాకా ఈ పిల్లను తమ్ముణ్ని ముద్దాడనీయకవ్వా. పసిగుడ్డుకు సోకితే పానం మీదికొస్తది.”

అవ్వకు చదువు రాదు. ఆశా మాత్రల కవరు మీద 14 నిలువుగీతలు గీసి, రోజుకొకటి కొట్టేయమంది.

అవ్వ వేలితో గీతలు తడుముతూ అడిగింది: “మూతి మానినా మింగాల్నా?”

“మానినా మింగాలవ్వా.”