పెనుకొండ నుంచి లేపాక్షికి కరెంటు సైకిలుమీద

అనంతపురం సీమవారికి నీళ్ళు లెక్కపెట్టుకుని వాడుకోవటం ఒకరు నేర్పనక్కరలేదు. ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమలమీదే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలో చాలావరకు ఖర్చయిపోయి వస్తాయి. రెండు పెళ్ళిళ్ళకూ పిలుపందుకుని, రెండు చోట్లా విస్తళ్ళు ఎత్తేశాక చేరిన చుట్టంలాంటిది ఈ సీమ. నీటికి గతి ఇదే గాని గాలికి మాత్రం కరువు లేదు. రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపింది ఊరికే కాదు.

ఆ గాలి జోరుగా వీచే ఆషాఢంలో పెనుకొండనుంచి హిందూపురం మీదుగా లేపాక్షికి, 50 కిలోమీటర్ల పైచిలుకు దారి, కరెంటు సైకిలుమీద పోయాను. ఈ మూడు ఊళ్ళూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. అయినా మనిషిని అడిగితే ఇంకా అనంతపురమనే అంటాడు.

కరెంటు సైకిలంటే ఇదేదో నిన్నటి వింత అనుకుంటాం. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనక చక్రం ఇరుసులోనే మోటారు బిగించిన సైకిలుకు 1895లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పుడు లేనిది తేలికపాటి బ్యాటరీ. నా సైకిలుకు ఉన్నది 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లది. రెంటినీ గుణిస్తే 360 వాట్ అవర్లు. అంటే మన ఇంటి మీటరులో యూనిట్‌లో మూడోవంతు కన్న కాస్త ఎక్కువ. అదే మన చెరువు. ఆ చెరువుతో ఎంత దూరం పారుతుందన్నదే ప్రయాణమంతా.

పెనుకొండలో ఒక సైకిలు షాపు ముందర దిగాను. 1565లో తళ్ళికోట యుద్ధం తరవాత విజయనగర రాజులు తలదాచుకున్న రాజధాని ఇది. ఇప్పుడు దగ్గరలోని యర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. షాపతను ముందు టైర్లు నొక్కి చూశాడు.

“గాలి రొంత తక్కువుంది సామీ. మెత్తటి టైరు బ్యాటరీని తాగేస్తాది.”

నిజమే. గట్టిగా గాలి కొట్టి, టైరు చుట్టూ చెయ్యి తిప్పి రెండు పల్లేరుకాయలు పీకేశాడు. ఈ సీమలో పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ ముళ్ళు సైకిలుకు జన్మవైరులు. పైగా మోటారున్న చక్రం మామూలు చక్రంలా ఊడి రాదు. వైరు విప్పాలి, ఇరుసు నట్టు విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు కొంచెం వదులైనా మోటారు ఊపుకు ఇరుసే తిరిగి వైరు తెగుతుంది. అందుకని అనుభవమున్నవాళ్ళు చక్రం విప్పకుండానే టైరును ఒక పక్కనుంచి తప్పించి, ట్యూబు బయటికి లాగి, అక్కడే ప్యాచి వేస్తారు. అతను సీటు రెండంగుళాలు పైకి లేపాడు. కాలు దాదాపు చాచి తొక్కితే సగం పని మనిషి చేస్తాడు, సగం మోటారు చేస్తుంది. సీటు దిగేసుకుని కూర్చునేవారికి మోకాళ్ళూ పోతాయి, బ్యాటరీ పోతుంది. బ్రేకు పట్టగానే మోటారు ఆగుతున్నదో లేదో చక్రం పైకెత్తి చూశాడు. ఇది మరవరాని సంగతి.

అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, “ఈ వైరొకటి పీకితే నలభై పోతాది సామీ” అన్నాడు.

మన చట్టం ప్రకారం మోటారు శక్తి 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకుండా ఉంటే అది మోటారు వాహనం కాదు. లైసెన్సు అక్కరలేదు, నెంబరు ప్లేటు అక్కరలేదు. ఆ గీత దాటితే రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు, హెల్మెట్టు, పచ్చ ప్లేటు అన్నీ కావాలి. వైరు పీకిన సైకిలు ఇటు సైకిలూ కాదు, అటు బండీ కాదు. ఎవరికైనా తగిలితే వైద్యం ఖర్చు జేబులోంచే. వద్దన్నాను.

ఊరు దాటగానే గాలి ముఖాన కొట్టింది. పెనుకొండనుంచి హిందూపురానికి దారి దక్షిణానికి పోతూ కాస్త పడమటికి ఒరుగుతుంది; గాలి వచ్చేదీ అటునుంచే. వేగం రెట్టింపయితే కిలోమీటరుకు గాలితో పోరాడే ఖర్చు నాలుగు రెట్లవుతుంది. గంటకు 20లో పోయేవాడికి 20 ఎదురుగాలి తగిలితే, గాలి లెక్కలో 40లో పోతున్నట్టే. అదిగాక ఎత్తు. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్లు, హిందూపురం 620 మీటర్లు. అనంతపురంలోనే సైకిలెక్కితే మనిషి, సైకిలు, సంచి కలిసి 110 కిలోలను ఆ ఎత్తుకు చేర్చటానికే 85 వాట్ అవర్లు. బ్యాటరీలో నాలుగోవంతుకు దగ్గర. మోటారు సాయం కిందిమెట్టుకు దించి కాళ్ళకు పని చెప్పాను.

సోమందేపల్లి దగ్గర టీ కొట్టులో ఒక కుర్రవాడు తన సైకిలుకు చార్జింగు పెట్టుకుని కూర్చున్నాడు. దానికి వైరు పీకే ఉంది. నన్ను దాటుకుని ఝామ్మని పోయింది ఇతనే. వేగం సంగతి కదిపితే నవ్వాడు.

“మీకేం సామీ, మీరు గుడికి పోతాండారు. నేను డ్యూటీకి పోవల్ల. అర్ధగంట లేటయితే ఆ పొద్దు కూలి లేదు.”

“లైసెన్సున్న బండి కొనుక్కోరాదా?”

“కొనే దుడ్డుంటే దీంతో యాల తంటాలు పడతా?”

బ్రేకులు చూపించాడు. 25కు చేసిన బ్రేకులే. రబ్బరు సగం అరిగింది. పెట్టెలాంటి బ్యాటరీని తాకితే వెచ్చగా ఉంది. వేడిమీద చార్జింగు పెడితే బ్యాటరీ ఆయుస్సు తరుగుతుందని, నీడలో చల్లారనిచ్చి పెట్టమని చెప్పాను. “చల్లారేదాకా డ్యూటీ ఆగదు కదా” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. బ్రేకు రబ్బర్లు మాత్రం రేపే మార్పించమన్నాను; అది నలభై యాభై రూపాయల పని. సరేనన్నాడు.

హిందూపురం చేరేసరికి అయిదు గీతల్లో ఒకటి మిగిలింది. పెదనాన్నగారింట్లో భోంచేసి, బ్యాటరీ చల్లబడ్డాక చార్జింగు పెట్టాను. నా చార్జరు రెండు ఆంపియర్లే ఇస్తుంది. నిండటానికి అయిదు గంటలు. పెద్దమ్మ చూసి, “దీనికీ మధ్యాహ్నం నిద్ర కావాలా?” అన్నది. నాలుగు గంటలకే బయలుదేరాను. లేపాక్షికి 15 కిలోమీటర్లు. దారి తూర్పుకు తిరిగింది, గాలి వెనకపక్కకు చేరింది. పొద్దుటినుంచి పోట్లాడిన గాలే ఇప్పుడు వీపు నిమిరింది. మోటారు ఆపేసి తొక్కినా సైకిలు సాగింది.

గుడి మూసేలోపలే వీరభద్రస్వామి దర్శనమయింది. పదహారో శతాబ్దంలో అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ కట్టించిన గుడి. కప్పుమీది రంగుల బొమ్మలు మెడ నొప్పెట్టేదాకా చూడదగ్గవి. వేలాడే స్తంభం కిందనుంచి తువ్వాలు దూర్చేవాళ్ళ వరస ఎప్పుడూ ఉండేదే. బయట ఏకశిలా నంది దగ్గర సైకిలు నిలబెడితే పూలమ్మే ముసలమ్మ అడిగింది:

“దీనికి పెట్రోలు పొయ్యల్లేదా సామీ?”

“లేదవ్వా, కరెంటు.”

“కరెంటు అయిపోతే?”

“తొక్కాలి.”

“అట్లయితే సైకిలే కదప్పా!” అని మూర పూలు చేతిలో పెట్టింది.

నాలుగు గీతలు మిగిలాయి. వెనక్కి పోయేటప్పుడు గాలి మళ్ళీ ఎదురే. పొద్దుగూకి అది నెమ్మదించేదాకా నంది ఎదురుగా కూర్చుని, ఆ తరవాత దీపం వేసుకుని బయలుదేరాను.