ఏడో ఆట దాకా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఆటలు మనకు పొద్దున ఆరింటికి మొదలవుతాయి. వాళ్ల ఆదివారం రాత్రి ఆటైతే మన సోమవారం ఐదున్నరకే. మా అమీన్‌పూర్‌కి ఇది భలే కుదిరిన వేళ. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో నైట్ షిఫ్టు దిగి బీరంగూడ వైపు వచ్చేవాళ్లు, అమెరికా క్లయింట్ల కోసం రాత్రంతా కూర్చుని అప్పుడే లాప్‌టాప్ మూసిన పిల్లలు, చెరువు వైపు నడకకు బయల్దేరిన పెద్దవాళ్లు అందరూ ఒకేసారి మేలుకుని ఉండే సమయం అది. 2025 జూన్‌లో ఓక్లహోమా సిటీ థండర్, ఇండియానా పేసర్స్ తలపడినప్పుడు మా కాలనీలో వాదన ఈ పొద్దుటివాళ్ల మధ్యే రాజుకుంది.

డాలస్ ఆడుతుంటే వాదనే ఉండేది కాదు. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో తమవాళ్లెవరో ఒకరున్న ఇళ్లు మా వైపు చాలా ఎక్కువ. వాళ్లంతా మావరిక్స్ పక్షమే. ఓక్లహోమా డాలస్‌కి కారులో మూడు గంటల దూరమేనని ఒక పెద్దాయన థండర్ వైపు చేరారు. దానికి జవాబుగా డిగ్రీ చదివే కుర్రాడు ముంబైని తెచ్చాడు.

"అంకుల్, పేసర్స్ మన దగ్గరికొచ్చి ఆడిపోయిన్రు. మీ థండర్ ఎన్నడన్న వచ్చిందా?"

నిజమే. 2019 అక్టోబరు 4, 5 తేదీల్లో ముంబైలో శాక్రమెంటో కింగ్స్‌తో పేసర్స్ రెండు ఆటలు ఆడి రెండూ గెలిచింది. మన దేశంలో ఎన్‌బీఏ జట్లు ఆడటం అదే మొదలు. "అప్పటివాళ్లలో ఇప్పుడెంతమంది ఉన్నారు బాబూ?" అన్నారు పెద్దాయన. టర్నర్ లాంటి ఒకరిద్దరు తప్ప అందరూ మారిపోయారు.

ఎలా మారారో విప్పి చెప్పింది పాశమైలారంలో పనిచేసే మా పై అంతస్తు తమ్ముడు. 2017లో ఇండియానా తన పెద్ద ఆటగాడు పాల్ జార్జ్‌ని ఓక్లహోమాకి ఇచ్చి ఒలాడిపోని, సబోనిస్‌ని తెచ్చుకుంది. రెండేళ్ల తర్వాత ఓక్లహోమా అదే జార్జ్‌ని క్లిప్పర్స్‌కి పంపి షే గిల్జస్-అలెగ్జాండర్‌నీ, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే బోలెడన్ని డ్రాఫ్ట్ హక్కులనీ రాబట్టింది. ఆ హక్కుల్లో ఒకదానితో వచ్చినవాడే జేలెన్ విలియమ్స్. ఇటు ఇండియానా 2022లో సబోనిస్‌ని ఇచ్చి టైరీస్ హాలిబర్టన్‌ని తెచ్చుకుంది. ఇచ్చింది ఎవరికి? ముంబైలో తాను ఓడించిన కింగ్స్‌కే! పెళ్లి సంబంధం దగ్గర తాతల దాకా చుట్టరికాలు తవ్వినట్టు తవ్వుతూ పోతే, ఫైనల్స్‌కి వచ్చిన రెండు జట్ల మూలాలూ ఒకే మార్పిడిలో తేలాయి. ఈ సంగతి విన్నాక ఆట నాకు మరింత ముద్దొచ్చింది.

ఫైనల్స్‌లో ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్లదే కప్పు. మొదటి ఆటలో ఇంకా 0.3 సెకన్లు ఉందనగా హాలిబర్టన్ వేసిన బంతితో ఇండియానా 111-110తో గెలిచింది. ఆట మొత్తంలో ఆ జట్టు ముందంజలో ఉన్నది ఆ 0.3 సెకన్లే. "గాలివాటం" అని తేల్చేశారు పెద్దాయన. రెండో ఆట థండర్‌ది. మూడో ఆటలో బెంచి మీంచి లేచొచ్చిన మాథురిన్ 27 పాయింట్లు కొట్టాడు, ఇండియానా 116-107తో మళ్లీ గెలిచింది. పెద్దాయన తన మాట వెనక్కి తీసుకున్నారు. "థండరంటే షే ఒక్కడే" అని ఎగిరిన కుర్రాడి వంతు ఐదో ఆట తర్వాత వచ్చింది. జేలెన్ విలియమ్స్ 40 పాయింట్లు కొట్టిన ఆట అది. ఆ పొద్దున కుర్రాడు తనంతట తానే వచ్చి ఒప్పుకున్నాడు. ఒకే రాత్రితో తేలిపోయే పోటీలో ఈ రెండూ జరగవు. ముందు రోజు అన్న మాటకి రెండ్రోజుల తర్వాత జవాబు చెప్పుకోవాలని తెలిస్తే, మనిషి వాదించే ముందు ఆటని సరిగ్గా చూస్తాడు.

ఆరో ఆట ఇండియానా 108-91తో గెలిచి 3-3 చేసింది. 2016 తర్వాత ఫైనల్స్ ఏడో ఆట దాకా రావడం అదే. జూన్ 23 సోమవారం తెల్లవారుజామున, మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీ-పాయింటర్లు వేసిన హాలిబర్టన్ కుడికాలి అకిలిస్ స్నాయువు తెగి నేలకూలాడు. అతను లేకుండానే సగం ఆటకి ఇండియానా 48-47తో ముందుంది. చివరికి థండర్ 103-91తో కప్పు అందుకుంది. "ఆ అబ్బాయి కాలు బాగుండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం బాబూ" అని కుర్రాడితో అన్నది గెలిచిన పక్షం పెద్దాయనే. నా మటుకు, లీగ్‌లో 68 ఆటలు గెలిచిన థండరే మెరుగైన జట్టు. కానీ ఇండియానా ఆ మాటని ఏడు పొద్దుల పాటు పరీక్షకి నిలబెట్టింది.

క్రికెట్‌లో మన సన్‌రైజర్స్‌కి అలాంటి అవకాశం రాలేదు. 2024 ఐపీఎల్‌లో ఒక ఆటలో 287 పరుగులు చేసిన జట్టు, మే 26న చెపాక్ ఫైనల్లో 113కి ఆలౌటైంది. కోల్‌కతా పదకొండో ఓవర్లోనే పని ముగించింది. వాదించడానికి మర్నాడు ఆటంటూ లేదు. ఆస్ట్రేలియాలో ముక్కోణపు వన్డే పోటీలకి ఒకప్పుడు మూడు ఫైనల్స్ పెట్టేవాళ్లు. 2008లో ధోనీ సేన మొదటి రెండూ గెలిచి కప్పు తెచ్చింది. ఆ పద్ధతి కొత్తేమీ కాదు, మన అభిమానులకి తెలిసిందే. క్రికెట్ బోర్డు ఐపీఎల్ ఫైనల్‌ని కనీసం మూడు ఆటలు చేయాలి. ప్రో కబడ్డీ వాళ్లూ ఈ సంగతి ఆలోచించాలి.